ఏ ఒక్క డిస్క్ పోయినా బూట్ అవ్వాలంటే: లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో బూట్ లోడర్‌కి ఏ దారి ఎంచుకోవాలి?

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. "అన్నా, పాడైన డిస్క్ తీసేసి కొత్తది పెట్టాం. సింక్ కూడా పూర్తయింది, ఎండీస్టాట్‌లో రెండు యూలూ కనిపించాయి. తీరా రీబూట్ కొడితే నల్ల తెర. ఎడమ మూల కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది."

"ఏ డిస్క్ మార్చారు?"

"మొదటిది, ఎస్‌డీఏ."

"కొత్తదాని మీద గ్రబ్ ఎక్కించారా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "రెయిడ్ వన్ కదన్నా, అదీ కాపీ అయిపోతుంది కదా?"

అవ్వదు. (రెయిడ్ వన్ అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచే పద్ధతి. ఎండీస్టాట్ రెయిడ్ స్థితి చూపే ఫైలు, అందులో రెండు యూలుంటే రెండు డిస్కులూ బాగున్నట్టు. గ్రబ్ అంటే లినక్స్‌ని లేపే బూట్ లోడర్.) నాకొచ్చే ఇలాంటి ఫోన్లలో సగం ఈ ఒక్క అపోహ దగ్గరే మొదలవుతాయి. అందుకే ఏ పద్ధతి మంచిదో చెప్పేముందు రెయిడ్ ఏది కాపీ చేస్తుందో, ఏది చేయదో చూడాలి. అది తెలిశాక ఎంపిక సగం దానంతటదే తేలిపోతుంది.

(కమాండ్లను నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.)

రెయిడ్ చూడని చోటు

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్, అంటే ఎండీ డ్రైవర్, మనం ఇచ్చిన పార్టిషన్ల లోపలి డేటానే జంట చేస్తుంది. పార్టిషన్ల బయట ఉన్నదానితో దానికి సంబంధం లేదు. బూట్ లోడర్ ఉండేదేమో సరిగ్గా ఆ బయటే.

బయోస్ అంటే మెషీన్‌లో అన్నిటికంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్. ఆ పాత పద్ధతిలో మెషీన్ ఆన్ కాగానే డిస్క్‌లోని మొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ టేబుల్, చివరి 2 బైట్లు "ఇది బూట్ అయ్యే డిస్కే" అని చెప్పే ముద్ర. 446 బైట్లలో గ్రబ్ మొత్తం ఎక్కడ పడుతుంది? అందుకే అసలు గుండెకాయ, అంటే కోర్ ఇమేజ్, మొదటి పార్టిషన్‌కి ముందున్న ఖాళీలో కూర్చుంటుంది. జీపీటీ, అంటే కొత్తరకం పార్టిషన్ టేబుల్ ఉన్న డిస్క్ అయితే బయోస్ బూట్ పార్టిషన్ అని ఒక చిన్న ముక్కలో ఉంటుంది. ఈ మూడూ ఎండీ చేతికి అందవు.

ఆ రాత్రి జరిగింది ఇదే. కుర్రాళ్లు ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో బతికున్న డిస్క్ పార్టిషన్ టేబుల్‌ని కొత్తదాని మీదికి దించారు. దాంతో 64 బైట్ల టేబుల్ వచ్చింది, 2 బైట్ల ముద్ర కూడా వచ్చింది. 446 బైట్ల చోట మాత్రం సున్నాలే. బయోస్ ముద్ర చూసి నమ్మింది, సున్నాల్లోకి దూకింది, అక్కడే ఉండిపోయింది. ముద్ర కూడా లేకపోయుంటే బయోస్ రెండో డిస్క్ వైపైనా చూసేది! రెండో డిస్క్ మీద ఇన్‌స్టాలర్ మొదట్నుంచీ గ్రబ్ వేయలేదని తర్వాత తెలిసింది. అంటే ఆ సర్వర్ తన జీవితమంతా ఒంటికాలి మీదే నిలబడింది. రెయిడ్ ఉందన్న ధైర్యం ఒక్కటే ఉంది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా దానికి ఒకటే పరీక్ష: రెండు డిస్కుల్లో ఏది తీసేసినా మిగిలింది సొంతంగా బూట్ అవ్వాలి. కింద చెప్పే పోలికలన్నీ ఈ కొలతతోనే చేశాను. వేగం, అందం లాంటివి పక్కన పెట్టాను.

మొదటి చీలిక: బయోసా, యూఈఎఫ్ఐయా

యూఈఎఫ్ఐ అంటే బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్. నడుస్తున్న మెషీన్‌లో సిస్ కింద ఫర్మ్‌వేర్, దాని కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐలో బూట్ అయినట్టు. లేకపోతే బయోస్ పద్ధతి. రిపేరు మొదలుపెట్టేముందు లైవ్ యూఎస్‌బీలో కూడా ఇదే చూడండి. బయోస్ మోడ్‌లో యూఎస్‌బీ పైకొస్తే యూఈఎఫ్ఐ సర్వర్‌కి బూట్ ఎంట్రీ రాయడం కుదరదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

మీకు రెండూ అందుబాటులో ఉంటే? రెండు డిస్కుల రెయిడ్ వన్ వరకూ బయోస్ పద్ధతే సులువని నేను నిస్సంకోచంగా చెబుతాను. గ్రబ్ 2కి ఎండీ భాష వచ్చు. రెండు డిస్కుల మీదా ఒక్కోసారి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే, కెర్నల్ ఫైళ్లు రెయిడ్ లోపలే ఉంటాయి కాబట్టి కెర్నల్ మారినప్పుడల్లా ఏదీ కాపీ చేయక్కర్లేదు. యూఈఎఫ్ఐలో అలా కాదు. ఫర్మ్‌వేర్‌కి తెలిసింది ఫ్యాట్ ఒక్కటే. ఎండీ అంటే ఏంటో దానికి తెలియదు.

అయితే ఈ సౌకర్యం ఎంతో కాలం ఉండదు. కొత్త బోర్డుల్లో బయోస్ మోడ్ కనుమరుగవుతోంది. దాన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. ఈ ఏడాది కొన్న సర్వర్ అయితే యూఈఎఫ్ఐ అనుకునే ముందుకెళ్లండి.

బయోస్ దారిలో: చోటు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న

ఎంబీఆర్ టేబుల్ (పైన చెప్పిన 64 బైట్ల పాతరకం) ఉన్న పాత డిస్కుల్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. మధ్యలో మిగిలేది 62 సెక్టార్లు, అంటే 31,744 బైట్లు. ఒట్టి గ్రబ్‌కి అది చాలు. రెయిడ్ మాడ్యూల్, దాని మీద ఎల్‌వీఎం (డిస్క్ చోటును కావాల్సినట్టు పంచుకునే పొర) మాడ్యూల్, ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ కలిసేసరికి ఇరుకైపోతుంది. అప్పుడొచ్చేదే "ఎంబెడింగ్ ఈజ్ నాట్ పాసిబుల్" అన్న ఎర్రర్. రెయిడ్ లేని మెషీన్ అయితే గ్రబ్ బ్లాక్ లిస్టులతో ఎలాగో నెట్టుకొస్తుంది. రెయిడ్‌లో ఆ సందు లేదు. ఫోర్స్ ఆప్షన్ పెట్టి బలవంతం చేయకండి. డిస్క్‌ని మళ్లీ పార్టిషన్ చేయడమే మందు. 2048వ సెక్టార్ నుంచి మొదలెట్టే ఇప్పటి పద్ధతిలో దాదాపు ఒక ఎంబీ ఖాళీ ఉంటుంది, ఈ గొడవే రాదు.

ఎంబీఆర్‌లో సెక్టార్ సంఖ్యకి 32 బిట్లే కాబట్టి 2 టీబీ దాటిన డిస్క్‌కి అది పనికిరాదు. అక్కడ జీపీటీ తప్పనిసరి, బయోస్‌లో బూట్ చేయాలంటే ఒక ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ కూడా తప్పనిసరి. జీపీటీ పార్టిషన్లు చేసే ఎస్‌జీడిస్క్‌లో దాని కోడ్ ఈఎఫ్02. ఫార్మాట్ చేయొద్దు, మౌంట్ చేయొద్దు, రెయిడ్‌లో కలపొద్దు. రెండు డిస్కుల్లోనూ విడివిడిగా ఉండాలి. (దాని గుర్తింపు సంఖ్యలోని బైట్లను అక్షరాలుగా చదివితే "నాకు ఈఎఫ్ఐ అక్కర్లేదు" అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తుంది. రాసినవాళ్ల చిలిపితనం.)

పార్టిషన్లు ఎందుకు, డిస్క్ మొత్తాన్నే రెయిడ్‌కి ఇచ్చేస్తే పోలా అని కొందరు అడుగుతారు. డేటా డిస్కులకైతే కొంతవరకూ సరే. బూట్ డిస్కులకి మాత్రం వద్దే వద్దు. రెయిడ్‌ని నడిపే సాధనం ఎండీఆడమ్ ఇప్పుడు మామూలుగా వాడే 1.2 రకం మెటాడేటాలో సూపర్‌బ్లాక్, అంటే రెయిడ్ తన వివరాలు రాసుకునే చోటు, డిస్క్ మొదలు నుంచి 4 కేబీ దగ్గర, అంటే 8వ సెక్టార్‌లో ఉంటుంది. జీపీటీ టేబుల్ ఉండేది 2 నుంచి 33 సెక్టార్ల మధ్య. రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. కొన్ని మదర్‌బోర్డుల ఫర్మ్‌వేర్ అయితే డిస్క్ చివర్లో ఏదో పాత జీపీటీ కాపీ కనబడగానే "టేబుల్ పాడైంది, బాగుచేస్తా" అని ముందుభాగంలో రాసేస్తుంది. సూపర్‌బ్లాక్ ఎగిరిపోతుంది. రీబూట్ చేసిన ప్రతిసారీ ఒక డిస్క్ రెయిడ్‌లోంచి మాయమవుతుంటే అనుమానించాల్సింది దీన్నే.

బూట్ ఫోల్డర్‌ని విడిగా చిన్న రెయిడ్ వన్‌లో పెట్టాలా, రూట్‌తో, అంటే సిస్టమ్ ఉండే ప్రధాన ఫైల్‌సిస్టమ్‌తో కలిపేయాలా? గ్రబ్ 2 రెయిడ్ ఫైవ్‌నీ, సిక్స్‌నీ చదవగలదు. ఒక డిస్క్ లేకపోయినా లెక్కగట్టి మరీ చదువుతుంది. చదవగలదు సరే, అసలు ఆ పరిస్థితిలోకి దాన్ని నెట్టడం ఎందుకన్నది నా అభిప్రాయం. నాలుగు డిస్కుల రెయిడ్ ఫైవ్ ఉన్నా సరే, నాలుగింటి మొదట్లోనూ ఒక జీబీ చొప్పున తీసి నాలుగు కాళ్ల రెయిడ్ వన్ చేసి బూట్ ఫోల్డర్ అందులో పెట్టండి. ఏ ఒక్క డిస్క్ బతికున్నా కెర్నల్ దొరుకుతుంది. రూట్‌కి ఎల్‌వీఎం, ఎన్‌క్రిప్షన్ ఏది తగిలించుకున్నా బూట్ లోడర్‌కి పట్టదు.

ఆ బూట్ రెయిడ్‌కి మెటాడేటా 1.0 పెట్టాలా, 1.2 పెట్టాలా అన్నది పాతకాలం నుంచి వస్తున్న వాదన. 1.0లో సూపర్‌బ్లాక్ చివర్లో ఉంటుంది కాబట్టి ఒక్కో డిస్క్ ముక్కా బయటినుంచి మామూలు ఫైల్‌సిస్టమ్‌లాగే కనిపిస్తుంది. రెయిడ్ అంటే తెలియని పాత గ్రబ్ లెగసీ రోజుల్లో అదొక్కటే దారి. గ్రబ్ 2తో 1.2 హాయిగా పనిచేస్తుంది. కాబట్టి బయోస్‌లో దీని గురించి తల పట్టుకోకండి, 1.2నే ఉంచేయండి. యూఈఎఫ్ఐకి వచ్చేసరికి ఇదే తేడా ప్రాణం మీదికొస్తుంది.

యూఈఎఫ్ఐ దారిలో: రెండు ఈఎస్‌పీలా, రెయిడ్‌లో ఒకే ఈఎస్‌పీనా

ఈఎస్‌పీ అంటే ఫర్మ్‌వేర్ చదివే ఫ్యాట్ పార్టిషన్. బూట్ లోడర్ ఫైలు ఉండేది అందులోనే. దాన్ని రెండు డిస్కుల్లో ఉంచడానికి రెండు పద్ధతులున్నాయి, రెండింటికీ వీరాభిమానులున్నారు.

మొదటిది తెలివైన మోసం. రెండు ఈఎస్‌పీ పార్టిషన్లనూ ఎండీ రెయిడ్ వన్‌గా కట్టి, మెటాడేటా 1.0 పెట్టడం. సూపర్‌బ్లాక్ చివర్లో దాక్కుంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్‌కి రెండూ రెండు మామూలు ఫ్యాట్ పార్టిషన్లలా కనిపిస్తాయి. లినక్స్‌కి మాత్రం అదొక రెయిడ్. అప్‌డేట్ వస్తే రెండు చోట్లా ఒకేసారి పడుతుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబం వాడే అనకొండా ఇన్‌స్టాలర్ ఈ పద్ధతిని నేరుగా ఒప్పుకుంటుంది. ఇక్కడ పొరపాటున 1.2 పెట్టారో, ఫర్మ్‌వేర్‌కి ఏమీ కనిపించదు. పార్టిషన్ రకం కూడా ఈఎఫ్ఐ సిస్టమ్ అనే ఉండాలి. రెయిడ్ కదా అని లినక్స్ రెయిడ్ రకం పెట్టినా కథ కంచికే.

దీని బలహీనత ఒకటే, కానీ చిన్నది కాదు. ఫర్మ్‌వేర్‌కి అది రెయిడ్ అని తెలియదన్నాం కదా. కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సాధనమో, యూఈఎఫ్ఐ షెల్లో, ఇంకో ఆపరేటింగ్ సిస్టమో ఒక డిస్క్ ఈఎస్‌పీలో ఏదైనా రాస్తే ఎండీకి ఆ సంగతి తెలియదు. రెండు కాళ్లూ వేర్వేరుగా ఉంటాయి, పైకి మాత్రం ఆరోగ్యంగా కనబడతాయి. చెక్ నడిపితే మిస్‌మ్యాచ్ కౌంట్ పెరిగి కనిపిస్తుంది. రిపేర్ నడిపితే ఏదో ఒక కాపీని రెండోదాని మీద రుద్దుతుంది. అది సరైన కాపీయేనా అన్నది ఎండీ తేల్చలేదు.

రెండోది నిజాయితీ పద్ధతి. రెండు డిస్కుల్లో రెండు వేర్వేరు ఈఎస్‌పీలు, రెయిడ్ ఊసే లేదు. బూట్ లోడర్‌ని రెండింటిలోనూ వేయాలి, అప్‌డేట్ వచ్చినప్పుడు రెండూ మారాలి. ఉబుంటులో 20.04 నుంచి దీనికి సొంత ఏర్పాటుంది. ఇన్‌స్టాలర్‌లో రెండో డిస్క్‌ని కూడా బూట్ డివైస్‌గా చేర్చొచ్చు, తర్వాత గ్రబ్ ప్యాకేజీయే రెండు ఈఎస్‌పీలకీ రాస్తుంది. డెబియన్‌లో ఆ వసతి లేదు. బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంటైన దాన్నే ప్యాకేజీ చూసుకుంటుంది. రెండోదానికి ఆర్‌సింక్‌తో కాపీ చేసే చిన్న స్క్రిప్టు మీరే పెట్టుకోవాలి.

ఏది తీసుకోవాలి? రెడ్ హ్యాట్ కుటుంబం వాడుతూ, ఆ మెషీన్ మీద ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లేకుంటే రెయిడ్ ఈఎస్‌పీ తీసుకోండి. ఇన్‌స్టాలర్ చేసినదాన్ని కెలక్కండి. ఉబుంటు సర్వర్ అయితే రెండు ఈఎస్‌పీలు, ఆలోచించక్కర్లేదు. డెబియన్ అయితే నేను రెండు ఈఎస్‌పీలే పెడతాను, స్క్రిప్టు రాసుకునే శ్రమ ఉన్నా సరే. డెబియన్‌లో ఎండీ మీదున్న ఈఎస్‌పీకి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే బూట్ ఎంట్రీ రాసే దశలో తడబడుతుంది. ఎంట్రీ "ఫలానా డిస్క్, ఫలానా పార్టిషన్" అని రాయాలి. ఎండీ పరికరానికి ఆ డిస్క్ ఏదని చెబుతుంది?

రెండు ఈఎస్‌పీల పద్ధతిలో మూడు చోట్ల కాలు జారుతుంది.

ఒకటి, ఎఫ్ఎస్‌ట్యాబ్, అంటే బూట్‌లో ఏవేవి మౌంట్ చేయాలో రాసుండే ఫైలు. ఈఎస్‌పీ వరుసలో "నోఫెయిల్" లేకపోతే, ఆ డిస్క్ చచ్చిన రోజున సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. రూట్ రెయిడ్ నిక్షేపంలా ఉంటుంది, కెర్నల్ వచ్చేసి ఉంటుంది, బూట్ అయ్యాక ఎవరికీ అక్కర్లేని ఒక ఫ్యాట్ పార్టిషన్ కోసం సర్వర్ మొత్తం ఆగిపోతుంది. వేరే ఊళ్లో ఉన్న సర్వర్‌కి ఇలా జరిగితే ఎంత ఒళ్లు మండుతుందో అనుభవిస్తేగానీ తెలియదు.

రెండు, బూట్ ఎంట్రీలు. ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌తో రెండో డిస్క్‌కి కూడా విడిగా ఎంట్రీ రాయాలి. కొన్ని బోర్డులు డిస్క్ కనబడకపోతే దాని ఎంట్రీని చెరిపేస్తాయి, డిస్క్ తిరిగొచ్చినా ఎంట్రీ రాదు. అందుకే మూడో రక్షణగా ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ అనే ఫోల్డర్ కింద బూట్‌ఎక్స్64 అన్న పేరుతో ఒక కాపీ ఉంచాలి. ఎంట్రీలేవీ లేనప్పుడు ఫర్మ్‌వేర్ వెతికేది ఆ పేరునే. డెబియన్, ఉబుంటుల్లో గ్రబ్ ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేస్తే రిమూవబుల్ మీడియా దారిలో కూడా వేయాలా అని అడుగుతుంది. అవునని చెప్పండి.

మూడోది రెడ్ హ్యాట్ వాళ్లకే. అక్కడ యూఈఎఫ్ఐ మెషీన్‌లో గ్రబ్2-ఇన్‌స్టాల్ కొట్టకూడదు, సెక్యూర్ బూట్ సంతకాలున్న ఫైలు పోతుంది. షిమ్ (సెక్యూర్ బూట్ కోసం గ్రబ్ కంటే ముందు నడిచే చిన్న లోడర్), గ్రబ్ ప్యాకేజీలను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి.

మిగతా దారులు, క్లుప్తంగా

బూట్ మొత్తాన్ని ఒక యూఎస్‌బీ డ్రైవ్ మీదో, చిన్న ఎస్‌ఎస్‌డీ మీదో పెట్టి, రెయిడ్‌ని డేటాకే వదిలేయడం. ఇంట్లో సినిమాలు, ఫొటోలు దాచుకునే నాస్‌కి ఇది చాలు, అదే డ్రైవ్‌కి ఒక నకలు తీసి డబ్బాకే టేపుతో అంటించండి. ఆఫీస్ సర్వర్‌కి వద్దు.

సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్ లోడర్‌కి ఎండీ రాదు. కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (రూట్ దొరికేదాకా కెర్నల్ వాడుకునే చిన్న తాత్కాలిక సిస్టమ్) కూడా ఫ్యాట్ పార్టిషన్‌లోనే ఉండాలి. అంటే కెర్నల్ మారిన ప్రతిసారీ రెండో డిస్క్‌కి కాపీ కావాలి. గ్రబ్ అంటే గిట్టనివాళ్లకి తప్ప రెయిడ్‌లో దీనివల్ల లాభం కనిపించదు.

మదర్‌బోర్డ్ ఇచ్చే రెయిడ్‌లో ఫర్మ్‌వేర్‌కే రెయిడ్ అర్థమవుతుంది కాబట్టి పై తిప్పలు తప్పుతాయి. కానీ బోర్డు కాలిపోతే అదే కుటుంబం బోర్డు కోసం బజారున పడాలి. ఎండీ డిస్కులైతే ఏ లినక్స్ మెషీన్‌కి తగిలించినా తెరుచుకుంటాయి.

ఇప్పటికే ఆగిపోయి ఉంటే: ఏ రిపేరు?

ఇక్కడ ఎంపిక తెర మీదున్న మాటను బట్టి ఉంటుంది. ముందు ఫొటో తీయండి. తర్వాత, ఇంకేం చేసేముందైనా, ఫర్మ్‌వేర్ బూట్ మెనూ తెరిచి రెండో డిస్క్ ఎంచుకుని చూడండి. ఖర్చు లేని రిపేరు అదే. సగం సందర్భాల్లో సర్వర్ లేచి కూర్చుంటుంది, మిగతాది తీరిగ్గా చేసుకోవచ్చు.

కర్సర్ ఒక్కటే ఉన్నా, బూట్ డివైస్ లేదన్నా, ఆ డిస్క్ మీద కోడ్ లేనట్టు. లైవ్ యూఎస్‌బీ పనే.

"గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి, పైన "నో సచ్ డివైస్" అనో, ఎండీయూయూఐడీ అన్న పొడవాటి సంఖ్య దొరకలేదనో ఉంటే, కోర్ ఇమేజ్ వరకూ వచ్చింది, రెయిడ్‌ని వెతుక్కోలేకపోయింది. రెయిడ్‌ని కొత్తగా కట్టినప్పుడు యూయూఐడీ మారితే ఇలా అవుతుంది. అక్కడే ఎల్ఎస్ కొట్టండి. వరుసలో ఎండీ/0 లాంటిది కనిపిస్తే అదృష్టం. ప్రిఫిక్స్‌ని ఆ ఎండీలోని గ్రబ్ ఫోల్డర్‌కి సెట్ చేసి, నార్మల్ అనే మాడ్యూల్‌ని ఇన్స్‌మాడ్‌తో ఎక్కించి, నార్మల్ కొడితే మెనూ వస్తుంది. బూట్ అయ్యాక రెండు డిస్కుల మీదా గ్రబ్-ఇన్‌స్టాల్. ఎండీ కనిపించకపోతే అక్కడ కుస్తీ పట్టకండి, యూఎస్‌బీకి వెళ్లిపోండి.

"సింబల్ నాట్ ఫౌండ్" అంటే వేరే జబ్బు. దీని కథ కాస్త వివరంగా చెప్పాలి. 2020 జులై 29న గ్రబ్‌లో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడింది, డిస్ట్రోలన్నీ అప్‌డేట్లు వదిలాయి. అవి వేసుకుని రీబూట్ చేసిన బయోస్ మెషీన్లు చాలా "సింబల్ గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్" అని రెస్క్యూలో ఆగిపోయాయి. లోపం కొత్త కోడ్‌లో కాదు. బూట్ ఫోల్డర్‌లోని మాడ్యూళ్లు కొత్తవి, డిస్క్ మొదట్లో కూర్చున్న కోర్ ఇమేజ్ మాత్రం పాతది. ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాలేదు.

కోర్ ఇమేజ్ ఎందుకు మారలేదు? డెబియన్, ఉబుంటుల్లో గ్రబ్-పీసీ ప్యాకేజీ ఏ డిస్కుల మీద వేయాలో డిస్క్ గుర్తింపుతో సహా గుర్తుపెట్టుకుంటుంది. మీరు డిస్క్ మార్చినప్పుడు గ్రబ్-ఇన్‌స్టాల్‌ని చేత్తో కొట్టి ఉండొచ్చు. ప్యాకేజీ జాబితాలో మాత్రం ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయిన పాత డిస్క్ పేరే ఉంటుంది. ఆ రోజుకి పనిచేస్తుంది, ఏడాది తర్వాత ఒక అప్‌డేట్ నాడు దెబ్బ కొడుతుంది. అందుకే డిస్క్ మార్చాక గ్రబ్-ఇన్‌స్టాల్ కంటే "డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ" కొట్టి, జాబితాలో రెండు డిస్కులకీ టిక్కు పెట్టడం మేలంటాను. అది ఇప్పుడు వేస్తుంది, ఇకముందు కూడా వేస్తుంది. టిక్కులు డిస్కులకే పెట్టండి, వాటి కింది పార్టిషన్లకీ, ఎండీకీ వద్దు.

"డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని వచ్చి ఏదైనా కీ నొక్కమంటే కంగారు పడకండి. గ్రబ్ రెయిడ్‌ని చదవగలదు, రాయలేదు. బూట్‌కి సంబంధించిన ఒక చిన్న గుర్తు రాసిపెట్టబోయి విఫలమైంది, అంతే. బూట్ అవుతుంది.

తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే షెల్ కనిపిస్తూ, ఫలానా యూయూఐడీ లేదు అంటుంటే మాత్రం గ్రబ్ జోలికి పోకండి. గ్రబ్ తన పని ముగించి కెర్నల్‌కి అప్పగించేసింది. రెయిడ్‌ని కెర్నల్ కట్టలేకపోయింది. ఎండీఆడమ్‌తో అసెంబుల్ స్కాన్ కొట్టండి. డిస్క్ తక్కువై ఆగి ఉంటే రన్ ఆప్షన్ ఇవ్వండి, ఎగ్జిట్ కొడితే బూట్ కొనసాగుతుంది. ఎండీ0 అని పెట్టింది ఎండీ127 అయి కూర్చుంటే, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని ఎండీఆడమ్ కాన్ఫిగ్ పాతదని అర్థం. డెబియన్ వైపు అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, రెడ్ హ్యాట్ వైపు డ్రాకట్ నడిపితే కుదుటపడుతుంది.

లైవ్ యూఎస్‌బీ రిపేరు వరుస ఇది: రెయిడ్‌ని అసెంబుల్ చేయాలి, రూట్ మౌంట్ చేయాలి, బూట్ విడిగా ఉంటే అదీ, ఈఎస్‌పీ ఉంటే అదీ మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్, రన్‌లను బైండ్ చేసి సీహెచ్‌రూట్‌తో ఆ ఆగిపోయిన సిస్టమ్ లోపలికి వెళ్లి గ్రబ్ వేయాలి. బూట్ పార్టిషన్ మౌంట్ చేయడం మరిచిపోతే గ్రబ్ ఖాళీ ఫోల్డర్‌లో ఫైళ్లు వేసి "నో ఎర్రర్ రిపోర్టెడ్" అని సంతోషంగా చెబుతుంది. నేనూ ఒకసారి అలా మోసపోయాను. అన్నీ దానంతటదే బాగుచేస్తామనే గ్రాఫికల్ సాధనాలున్నాయి. ఒక్క డిస్క్ ల్యాప్‌టాప్‌కి వాడండి. రెయిడ్ మీద వాటికి పెత్తనం ఇవ్వను.

జీపీటీ డిస్క్‌ని మార్చేవాళ్లకి ఒక హెచ్చరిక. ఎస్‌జీడిస్క్‌లో పెద్ద ఆర్ ఆప్షన్ తర్వాత వచ్చేది కొత్త డిస్క్, చివర వచ్చేది పాత డిస్క్. ఎడమ నుంచి కుడికి కాపీ అవుతుందని అలవాటు కొద్దీ కొడితే ఖాళీ టేబుల్ వచ్చి బతికున్న డిస్క్ మీద పడుతుంది. ఎంటర్ కొట్టేముందు ఒకసారి వేలు పెట్టి చదువుకోండి. కాపీ అయ్యాక చిన్న, పెద్ద తేడా చూసుకుని పెద్ద జీ ఆప్షన్‌తో కొత్త డిస్క్‌కి వేరే గుర్తింపు సంఖ్యలు ఇవ్వండి.

డిస్క్ పీకి చూడటం

ఎండీఆడమ్‌లో ఫెయిల్ కొట్టి చూశాం, పనిచేసింది అంటారు. అది బూట్ పరీక్ష కాదు, ఫర్మ్‌వేర్‌కి డిస్క్ కనిపిస్తూనే ఉంది కదా. మెషీన్ ఆపి, కేబుల్ పీకి, ఆన్ చేయాలి. సర్వర్ చేతికందకపోతే అదే లేఅవుట్‌తో వర్చువల్ మెషీన్‌లో రెండు డిస్కులు పెట్టి ఒకటి తీసి చూడండి.

పీకేటప్పుడు వరుస తప్పకూడదు. మొదటి డిస్క్ పీకి రెండోదానితో బూట్ చేశారు, బాగుంది. మొదటిది తిరిగి పెట్టి రెయిడ్‌లో చేర్చండి. సింక్ పూర్తిగా ముగిశాకే రెండోది పీకాలి. తొందరపడి మొదటిదాన్ని ఒంటరిగా, రెండోదాన్ని ఒంటరిగా వెంటవెంటనే బూట్ చేస్తే ఒక్కోదాంట్లో ఒక్కో చరిత్ర మొదలవుతుంది. తర్వాత రెండూ కలిపి పెడితే ఎండీ ఒకదాన్నే నమ్ముతుంది, రెండోదాంట్లో రాసింది పోయినట్టే. రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ ఉంటే మారిన భాగాలే సింక్ అవుతాయి కాబట్టి ఎదురుచూపు నిమిషాల్లో తేలిపోతుంది. లేకపోతే పెద్ద డిస్క్‌కి గంటలు పడుతుంది. పరీక్షకి ముందే బిట్‌మ్యాప్ పెట్టుకోండి.

ఆ రాత్రి ఫోన్ చేసిన తమ్ముళ్ల సర్వర్‌ని పదకొండింటికి లేపాం. మర్నాడు రీకాన్ఫిగర్ చేసి రెండు టిక్కులు పెట్టించాను, ఆదివారం పొద్దున ఒక్కో డిస్క్ పీకి చూపించమన్నాను. వీడియో పంపారు. ఎస్‌డీఏ ఏదో, ఎస్‌డీబీ ఏదో బూట్ బూట్‌కీ మారుతుందని అప్పటికి వాళ్లకే అర్థమైంది కాబోలు, రెండు ట్రేల మీదా సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో రాసి ఉన్నాయి.